డీప్ పర్పుల్ వంశవృక్షాన్ని వినడం ఎలా: వేరు నుంచి కొమ్మల దాకా

గిటారు కొత్తగా చేతపట్టినవాళ్ళు మొదటి వారంలోనే నేర్చుకునే వరస ఒకటుంది. అది 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట మొదట్లో వచ్చే రిఫ్. ఆ పాట డీప్ పర్పుల్ అనే బృందానిదని తెలిసినవాళ్ళూ చాలామందే ఉంటారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. పెద్ద మండువా ఇంటికి వచ్చి, గడపకు రాసిన పసుపు చూసి వెనక్కి వెళ్ళిపోయినట్టుంటుంది నాకు.

ఆ గడప దాటించడానికే ఈ వ్యాసం. 1968లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌లో మొదలైన ఈ బృందం విడిపోయింది, ఎనిమిదేళ్ళకు కలిసింది, సభ్యులను మార్చుకుంటూ యాభై ఏళ్ళు దాటినా సాగింది. బయటికి వెళ్ళిన ప్రతివాడూ వేరు కుంపటి పెట్టుకున్నాడు: రెయిన్‌బో, వైట్‌స్నేక్, గిలన్, ఇంకా చిన్నవి ఎన్నో. పాతికేళ్ళుగా వీటన్నిటినీ వింటున్న నాకు తేలిన సంగతి ఒకటే. బృందం పేరు పట్టుకుని వెళితే ఈ సంగీతం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మనుషులను పట్టుకుని వెళితే ఒకే పెద్ద కథలా సాగుతుంది. కింది మెట్లన్నీ ఆ పద్ధతిలోనే పేర్చాను. తొందరపడకుండా వారానికి రెండు ఆల్బమ్‌ల చొప్పున వింటే మూడు నెలల్లోపు ప్రధానమైన కొమ్మలన్నీ చుట్టి రావచ్చు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, ఒక నోటు పుస్తకం, గంటసేపు ఎవరూ పిలవని సమయం. ఇవి చాలు. ఫోనులో పాటలను కలగాపులగం చేసి వినిపించే సదుపాయాన్ని ఆపేయండి. వీళ్ళు ఎల్పీ రికార్డుల కాలం మనుషులు. పక్కకు మూడు నాలుగు పాటలు చొప్పున, ఏది ముందు ఏది తరువాత అని ఆలోచించి పేర్చారు. ఆ క్రమం చెదిరితే సగం అందం పోతుంది. 'గొప్ప పాటల సంకలనం' అని దొరికేవాటిని కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మొదటి మెట్టు: 'మార్క్'ల లెక్క నేర్చుకోవడం

అభిమానులు ఈ బృందం దశలను మార్క్ 1, మార్క్ 2 అని అంకెలతో పిలుస్తారు. సభ్యులు మారినప్పుడల్లా అంకె మారుతుంది. ఈ లెక్క తెలియకుండా ఏ చర్చా అర్థం కాదు. మొదటి నాలుగూ కంఠతా వస్తే సరిపోతుంది.

మార్క్ 1 (1968-69): గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయన్ పేస్, గాయకుడు రాడ్ ఎవాన్స్, బేస్ గిటారు నిక్ సింపర్.
మార్క్ 2 (1969-73): మొదటి ముగ్గురూ అలాగే ఉండగా, ఎపిసోడ్ సిక్స్ అనే బృందం నుంచి గాయకుడు ఇయన్ గిలన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ వచ్చారు.
మార్క్ 3 (1973-75): గిలన్, గ్లోవర్ వెళ్ళిపోగా డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చారు.
మార్క్ 4 (1975-76): బ్లాక్‌మోర్ వెళ్ళిపోగా అమెరికా గిటారిస్టు టామీ బోలిన్ వచ్చాడు.

ఈ పట్టికను నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. చుట్టూ చోటు వదలండి. ముందు ముందు దీని నుంచే కొమ్మలు గీయాలి. అన్ని దశల్లోనూ ఉన్నవాడు ఇయన్ పేస్ ఒక్కడే. ఎడమచేతి వాటపు డ్రమ్మరు. కాండం అతనే అనుకోవచ్చు.

రెండో మెట్టు: స్టూడియోను వదిలి కచేరీతో మొదలుపెట్టడం

ఇక్కడ నా సలహా మామూలు పద్ధతికి కొంచెం ఎదురుగా ఉంటుంది. మొదటి ఆల్బమ్ నుంచి వరసగా వినకండి. మొదట 'మేడిన్ జపాన్' వినండి. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోని బుడోకాన్‌లోనూ చేసిన మూడు కచేరీల నుంచి ఏరిన ఏడు పాటలు. మన స్వాతంత్ర్య దినం రోజు రాత్రి ఒసాకాలో వాయించిన 'స్మోక్ ఆన్ ద వాటర్' ఇందులోదే. రికార్డింగ్ బాధ్యత చూసినవాడు మార్టిన్ బిర్చ్. ఈ పేరు గుర్తుంచుకోండి, కొమ్మల్లో మళ్ళీ తగులుతుంది.

ఎందుకు దీనితో మొదలుపెట్టాలంటే, ఈ బృందం అసలు స్వభావం కచేరీలోనే తెలుస్తుంది. రాసుకున్న పాట వాళ్ళకు పల్లవి లాంటిది మాత్రమే. దాని మీద అప్పటికప్పుడు అల్లేదే అసలు సంగతి. మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి స్వరాలకు బదులు చెప్పడం ఎలా వింటామో, ఇక్కడ ఆర్గన్‌కూ గిటారుకూ మధ్య అలాంటి సంభాషణ వినాలి. స్టీరియోలో ఒకరు ఒక చెవి వైపు, మరొకరు మరో చెవి వైపు ఉంటారు కాబట్టి హెడ్‌ఫోన్లలో ఎవరు ఏమన్నారో విడివిడిగా తెలుస్తుంది.

మొదటిసారి 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్' చివరి భాగం జాగ్రత్తగా వినండి. బ్లాక్‌మోర్ గిటారు మీద ఒక చిన్న పలుకు పలుకుతాడు. గిలన్ దాన్ని గొంతుతో తిరిగి అంటాడు. గిటారు ఇంకొంచెం పైకి పోతుంది, గొంతు కూడా వెంటపడుతుంది. చివరికి గిటారు ఆగిపోయి, గొంతు ఒక్కటే చాలాసేపు కేకగా నిలబడుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు అది గిటారేనేమో అనుకుని వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. 'లేజీ'లో లార్డ్ ఒక్కడే ఆర్గన్‌తో ఆడుకునే ఆరంభం, ఎల్పీలో ఒక పక్కంతా ఆక్రమించిన 'స్పేస్ ట్రకిన్' కూడా ఇలాగే నిదానంగా వినవలసినవి. కచేరీ మధ్యలో గిలన్ శబ్దం చూసుకునేవాళ్ళను ఉద్దేశించి, అన్నీ అన్నింటికంటే గట్టిగా వినిపించేలా చెయ్యమంటాడు. ఈ బృందం గురించి అంతకంటే సరైన వర్ణన నాకు తెలియదు.

మూడో మెట్టు: రెండు స్టూడియో ఆల్బమ్‌లు, రెండు పాటలు దగ్గరగా

కచేరీ రుచి తెలిశాక 'ఇన్ రాక్' (1970), 'మెషీన్ హెడ్' (1972) వినండి. మధ్యలో వచ్చిన 'ఫైర్‌బాల్' (1971) తరువాత వినవచ్చు. అయితే దాని మొదటి పాట ముందు వినిపించే హోరు యంత్రం శబ్దమని, గదిని చల్లబరిచే ఏసీ యంత్రాన్ని ఆన్ చేసి రికార్డు చేశారని తెలిసి వింటే సరదాగా ఉంటుంది.

'ఇన్ రాక్'లో 'చైల్డ్ ఇన్ టైమ్'కు ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. పది నిమిషాలు దాటే పాట. మొదట్లో ఆర్గన్ మీద వచ్చే నెమ్మదైన వరస వీళ్ళది కాదు. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే బృందం 'బాంబే కాలింగ్' అని ఒక వాద్య రచన చేసింది. దాన్ని లార్డ్ వేగం తగ్గించి వాయిస్తుంటే గిలన్ మాటలు అల్లాడు. దొంగతనం అనుకోకండి. ఆ బృందం కూడా డీప్ పర్పుల్ 'రింగ్ దట్ నెక్' వరసను తీసుకుని తమ 1970 ఆల్బమ్‌లో మరో పేరుతో వాడుకుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి వింటే బాకీ చెల్లిపోయిందని తెలుస్తుంది.

పాట నడక ఇలా ఉంటుంది. గుసగుస లాంటి ఆర్గన్, తాళపు చిప్ప మీద మెత్తని దెబ్బలు, దాదాపు మాట్లాడినట్టు పాడే గిలన్. తరువాత మాటలు లేని ఊకారం. అదే వరస రెండోసారి ఆకారంగా పైకి లేస్తుంది. మూడోసారి కేక అవుతుంది. ఆ తరువాత గిటారు సోలో మొదలై, వేగం రెట్టింపై, ఎక్కడికో దూసుకుపోయి చటుక్కున తెగిపోతుంది. నిశ్శబ్దం. మళ్ళీ అదే గుసగుస. మన స్వరాల లెక్కలో ఈ పాట చాలావరకు నటభైరవి మేళం మెట్ల మీద నడుస్తుంది. ఆ మెట్లు తెలిసిన చెవికి ఇక్కడ పరాయితనం ఉండదు. మొదటిసారి గొంతు వినండి, రెండోసారి గొంతు వదిలేసి అడుగున ఆర్గన్ ఏం చేస్తోందో వినండి.

ఇక 'మెషీన్ హెడ్'. దీని కథ తెలిసి వినడం అవసరం. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో పట్టణంలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కాసినోలో రికార్డు చేయాలని వచ్చారు. రోలింగ్ స్టోన్స్ వాళ్ళ సంచార స్టూడియో లారీని అద్దెకు తెచ్చుకున్నారు. డిసెంబరు 4న అదే కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకడు మంటతుపాకీ పేల్చడంతో భవనమంతా కాలిపోయింది. సరస్సు మీద పొగ కమ్ముకుంది. కొన్ని రోజుల తరువాత గ్లోవర్ నిద్ర లేస్తూ ఆ పాట పేరు పైకి అన్నాడు. వేరే థియేటరులో ఆ పాట వాద్య భాగం రికార్డు చేస్తుంటే చప్పుడు భరించలేక పట్టణవాసులు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చారు. చివరికి చలికాలం మూసివేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పరుపులు అడ్డంపెట్టి మిగతా ఆల్బమ్ పూర్తిచేశారు. రికార్డయింది విందామంటే గదులు, బాల్కనీలు దాటి లారీ దాకా పోవాలి. అందుకని మళ్ళీ వినడమే మానేశారు. ఆ ఆల్బమ్‌లోని తాజాదనానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ప్రసిద్ధ రిఫ్ మీదికి రండి. వందసార్లు విన్నదే అయినా ఈసారి ఇలా వినండి. మొదట గిటారు ఒక్కటే. బ్లాక్‌మోర్ రెండు తీగలను ఒకేసారి వేళ్ళతో మీటుతున్నాడు. ప్లెక్ట్రమ్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళతో, కొడితే రెండు తీగలూ క్షణం తేడాతో మోగుతాయి, వేళ్ళతో అయితే కలిసి మోగుతాయి. ఇంట్లో వాయించి చూసేవాళ్ళకు ఎంతకీ ఆ నాదం రాకపోవడానికి సాధారణంగా ఇదే కారణం. తరువాత హై-హ్యాట్ తాళాలు, గరగరమనే ఆర్గన్ చేరతాయి. తరువాత మిగతా డ్రమ్స్. అన్నిటికంటే చివర బేస్ వస్తుంది. అది రాగానే కాళ్ళకింద నేల ఏర్పడినట్టు ఉంటుంది. రిఫ్‌లో ఉన్నవి నాలుగే స్వరాలు: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతిమధ్యమం. స గ మ అని ఒకసారి ఎక్కి, రెండోసారి ప్రతిమధ్యమాన్ని తాకి శుద్ధ మధ్యమానికి జారుతుంది. రెండు మధ్యమాలూ పక్కపక్కన రావడమే దానిలోని కారం.

ఈ ఆల్బమ్ రోజుల్లోనే రికార్డయినా అందులో చేర్చని పాట 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్'. చిన్న రికార్డు వెనక పక్కన మాత్రం వేశారు. వెతికి వినండి. ఇంత చప్పుడు చేసే బృందం ఇంత నెమ్మదిగా ఏడవగలదా అనిపిస్తుంది.

నాలుగో మెట్టు: ఒక్కొక్కరిని వేరు చేసి వినడం

కొమ్మల మీదికి వెళ్ళేముందు ఈ సాధన తప్పనిసరి. 'హైవే స్టార్' పాటను ఐదుసార్లు పెట్టి, ఒక్కోసారి ఒక్కరినే వినండి. అందరికంటే ముందు జాన్ లార్డ్. అతని హామండ్ ఆర్గన్‌ను చర్చి సంగీతంలోలా మెత్తగా కాకుండా, గిటారుకు వాడే మార్షల్ యాంప్లిఫైయర్ గుండా పంపించేవాడు. అందుకే అది గర్జిస్తుంది. చాలామంది కొత్త శ్రోతలు గిటారు అనుకునే శబ్దాల్లో సగం ఆర్గన్‌వే. ఈ తేడా చెవికి పట్టుబడిన రోజు మీకు బృందం మొత్తం కొత్తగా వినిపిస్తుంది. బ్లాక్‌మోర్ సోలోలో బాఖ్ సంగీతపు ఛాయలు వెతకండి. పేస్ చేతుల్లో జాజ్ ఊపు వినండి. గ్లోవర్‌ను వినడం కష్టం, అతను పాటకు దారిస్తూ తాను తప్పుకుంటాడు. గిలన్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఐదో మెట్టు: మార్క్ 3, మార్క్ 4, ఒకే పాట మూడు ఇళ్ళలో

1973 జూన్‌లో జపాన్‌లోనే, ఒసాకాలో, గిలన్ చివరి కచేరీ చేసి వెళ్ళిపోయాడు. గ్లోవర్ కూడా వెళ్ళిపోయాడు. కొత్త గాయకుడు కవర్‌డేల్ అప్పటికి ఇంగ్లండ్ ఈశాన్యాన రెడ్‌కార్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తున్న, బయట ఎవరికీ తెలియని కుర్రవాడు. ట్రపీజ్ బృందం నుంచి వచ్చిన గ్లెన్ హ్యూస్ బేస్ వాయిస్తూ పాడగలడు. అంటే ఒక కేక పోయి రెండు గొంతులు వచ్చాయి. 'బర్న్' (1974) మొదటి పాటలోనే ఆ ఇద్దరూ వంతులు వేసుకుని పాడడం వినవచ్చు. గిలన్ లేని డీప్ పర్పుల్ డీప్ పర్పులే కాదని వాదించే అభిమానులున్నారు. వాళ్ళ ప్రేమ అర్థమవుతుంది గానీ ఆ మాట నేను ఒప్పుకోను. 'బర్న్' మొదటి పదిహేను నిమిషాలు వింటే చాలు.

ఆ ఆల్బమ్‌లోని 'మిస్ట్రీటెడ్' ఈ వంశవృక్షం మొత్తానికి తాళంచెవి లాంటిది. దీన్ని మూడు చోట్ల వినాలి. మొదట 'బర్న్'లో: బ్లాక్‌మోర్ గిటారు, కవర్‌డేల్ ఒంటరి గొంతు. తరువాత బ్లాక్‌మోర్ పెట్టిన రెయిన్‌బో వారి 'ఆన్ స్టేజ్' (1977)లో: గిటారు అదే, గొంతు మాత్రం రానీ జేమ్స్ డియోది. చివరగా కవర్‌డేల్ పెట్టిన వైట్‌స్నేక్ వారి 'లైవ్ ఇన్ ద హార్ట్ ఆఫ్ ద సిటీ' (1980)లో: కవర్‌డేల్ మళ్ళీ పాడతాడు, పక్కన లార్డ్ ఆర్గన్ ఉంటుంది, గిటారు వేరేవాళ్ళది. పాట రాసిన ఇద్దరూ విడిపోయేటప్పుడు దాన్ని చెరొకరూ తమ ఇంటికి పట్టుకుపోయారు. కవర్‌డేల్ పాడినప్పుడు అది దెబ్బతిన్న మగవాడి గోడు. డియో పాడినప్పుడు దానికి పురాణ గాథ గాంభీర్యం వస్తుంది. ఏది మేలో తేల్చకండి. ఒకే రాత్రి మూడూ వరసగా విని, తేడాలు నోటు పుస్తకంలో రాసుకోండి.

'స్టార్మ్‌బ్రింగర్' (1974)లో హ్యూస్ ఇష్టపడే నల్లజాతి నృత్య సంగీతపు ఊపు పెరిగింది. బ్లాక్‌మోర్‌కు అది నచ్చలేదు. 1975 ఏప్రిల్‌లో ప్యారిస్ కచేరీతో బయటికి నడిచాడు. టామీ బోలిన్‌తో చేసిన 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' (1975)ను చాలామంది దాటేస్తారు. దాటవద్దు. డీప్ పర్పుల్ అన్న పేరు మరచిపోయి ఒక మంచి డెబ్బైల ఆల్బమ్‌గా వినండి. 1976 మార్చి 15న లివర్‌పూల్ కచేరీతో కథ ముగిసింది. ఆ డిసెంబరులో బోలిన్ చనిపోయాడు. పాతికేళ్ళు.

ఆరో మెట్టు: కొమ్మలు

మొదటి కొమ్మ రెయిన్‌బో. దీని పుట్టుక ఒక పాట మీద పేచీ నుంచి. క్వాటర్‌మాస్ అనే బృందం పాడిన 'బ్లాక్ షీప్ ఆఫ్ ద ఫ్యామిలీ'ని రికార్డు చేద్దామని బ్లాక్‌మోర్ అడిగితే తోటివాళ్ళు ఒప్పుకోలేదు. అతను తమ పర్యటనల్లో ముందు వాయించే అమెరికా బృందం ఎల్ఫ్ దగ్గరికి వెళ్ళాడు. దాని గాయకుడే డియో. ఎల్ఫ్ మొదటి ఆల్బమ్ నిర్మించినవాళ్ళు గ్లోవర్, పేస్. అంటే ఈ కొమ్మ కూడా ఇంటి లోపలి నుంచే మొలిచింది. ఇంకో ముడి చూడండి: క్వాటర్‌మాస్ డ్రమ్మరు మిక్ అండర్‌వుడ్ అంతకుముందు గిలన్, గ్లోవర్‌లతో ఎపిసోడ్ సిక్స్‌లో ఉన్నాడు, తరువాత గిలన్ బృందంలో చేరాడు. నోటు పుస్తకంలో ఈ గీతలన్నీ గీసుకుంటూ పోతే బొమ్మ దానంతటదే తయారవుతుంది. పీట్ ఫ్రేమ్ అనే రచయిత రాక్ బృందాలకు ఇలాంటి వంశవృక్షాలు చేత్తో గీయడంలో ప్రసిద్ధుడు. సొంతంగా గీసుకున్నదానికి మాత్రం సాటి లేదు, ఎందుకంటే గీస్తున్నప్పుడే అన్నీ గుర్తుంటాయి.

రెయిన్‌బోలో ఒక్క ఆల్బమ్ మాత్రమే వినే తీరిక ఉంటే అది 'రైజింగ్' (1976). ఆరు పాటలే. నిర్మాత మళ్ళీ మార్టిన్ బిర్చ్. రెండో పక్క రెండే పాటలు, ఒక్కొక్కటీ ఎనిమిది నిమిషాల పైన. 'స్టార్‌గేజర్' కోజీ పావెల్ డ్రమ్స్ మీద పిడుగులా దిగుతుంది. నక్షత్రాలకు ఎగిరిపోవాలని రాతిగోపురం కట్టించే మాంత్రికుడు, ఎడారి ఎండలో ఆ రాళ్ళు మోసే బానిసలు. కథ చెప్పేది బానిసల్లో ఒకడు. మాంత్రికుడు పైనుంచి ఎగరబోయి కిందపడి చస్తాడు. చివర్లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలిసి అల లేచినట్టు లేస్తుంటే డియో గొంతు దాని మీద నిలబడుతుంది. తరువాతి పాట 'ఎ లైట్ ఇన్ ద బ్లాక్'ను ఆపకుండా వినండి, ఆ బానిసల కథకు అది కొనసాగింపు. 'స్టార్‌గేజర్' గిటారు సోలోలో వకుళాభరణం ఛాయ ఉందా అని చెవి పెట్టి చూడండి, నాకైతే స్పష్టంగా వినిపిస్తుంది.

డియో 1979లో వెళ్ళిపోయాక రెయిన్‌బో రేడియోలో మోగే పాటల వైపు తిరిగింది. గ్రాహం బానెట్ పాడిన 'డౌన్ టు ఎర్త్' (1979), జో లిన్ టర్నర్ పాడిన 'డిఫికల్ట్ టు క్యూర్' (1981) వినదగ్గవి. ఆ రోజుల్లో బేస్ వాయించి, ఆల్బమ్‌లు నిర్మించినవాడు మన గ్లోవరే. కీబోర్డు వాయించిన డాన్ ఎయిరీ పేరు కూడా రాసుకోండి.

రెండో కొమ్మ వైట్‌స్నేక్. దీనిలోకి 1978లో లార్డ్, మరుసటి ఏడాది పేస్ చేరారు. 'రెడీ ఎన్ విల్లింగ్' (1980) వినేటప్పుడు ఐదింట మూడు వంతుల డీప్ పర్పుల్‌ను వింటున్నారన్నమాట, అంటే ఐదుగురున్న పాత బృందంలో ముగ్గురు ఇక్కడే. నెమ్మదైన బ్లూస్, మాటల్లో మట్టివాసన. 1987 నాటి మెరుపుల వైట్‌స్నేక్‌తో పరిచయమైనవాళ్ళు ఈ పాత రూపాన్ని తప్పక వినాలి. ఇక్కడా ఒక పోలిక చేయండి: 'హియర్ ఐ గో అగైన్' 1982లో ఒకసారి, 1987లో మరోసారి రికార్డయింది. మొదటిది లార్డ్ ఆర్గన్‌తో తెరుచుకుంటుంది. రెండోది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పల్లవిలో 'హోబో' అన్న మాటను 'డ్రిఫ్టర్'గా మార్చారు. నా ఓటు మొదటిదానికే, ఆ గొంతులో అలసట నిజంగా ఉంది.

మూడో కొమ్మ గిలన్. ఇయన్ గిలన్ బ్యాండ్‌గా మొదట జాజ్ వైపు నడిచి, తరువాత 'గిలన్' పేరుతో దుమ్ము రేపే రాక్ వాయించాడు. 'గ్లోరీ రోడ్' (1980)తో మొదలుపెట్టండి. 1983లో బ్లాక్ సబ్బత్‌తో చేసిన 'బోర్న్ అగైన్' రికార్డింగ్ మసకగా ఉంటుంది, అయినా ఆ గొంతు ఆ చీకట్లో ఎంత భయంకరంగా ఉందో వినవలసిందే.

చిన్న రెమ్మలు తీరికగా చూసుకోండి. రాడ్ ఎవాన్స్ వెళ్ళిన కెప్టెన్ బియాండ్ (1972), సింపర్ బృందం వార్‌హార్స్, పేస్-ఆష్టన్-లార్డ్ ఒకే ఆల్బమ్ (1977), గ్లోవర్ కూర్చిన 'ద బటర్‌ఫ్లై బాల్' (1974). ఈ చివరిదానిలో డియో పాడిన 'లవ్ ఈజ్ ఆల్' పిల్లలకు కూడా నచ్చుతుంది. 1997 నుంచి బ్లాక్‌మోర్ తన భార్య క్యాండిస్ నైట్‌తో కలిసి నడుపుతున్న బ్లాక్‌మోర్స్ నైట్‌లో విద్యుత్ గిటారు మోత కంటే పాత ఐరోపా ఆస్థాన సంగీతమే ఎక్కువ.

ఏడో మెట్టు: మళ్ళీ ఇంటికి

1984లో మార్క్ 2 ఐదుగురూ మళ్ళీ కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' చేశారు. దీన్ని కొమ్మలన్నీ విన్నాకే వినమంటాను. రెయిన్‌బో నుంచి ఇద్దరు, వైట్‌స్నేక్ నుంచి వచ్చిన లార్డ్, ఇల్లిల్లూ తిరిగి వచ్చిన గిలన్, పేస్. ఎవరెవరు బయట ఏం నేర్చుకుని వచ్చారో అప్పుడే తెలుస్తుంది. పేరు పాట మొదట్లో లార్డ్ ఆర్గన్ ఒక్కటే లేచి నిలబడే క్షణం కోసం వేచి ఉండండి.

బ్లాక్‌మోర్ 1993లో శాశ్వతంగా వెళ్ళిపోయాడు. స్టీవ్ మోర్స్ వచ్చాక చేసిన 'పర్పెండిక్యులర్' (1996) కొత్త ఊపిరి. 2002లో లార్డ్ తప్పుకున్నప్పుడు వచ్చినవాడు డాన్ ఎయిరీ, రెయిన్‌బోలోనూ 1987 వైట్‌స్నేక్ ఆల్బమ్‌లోనూ కీబోర్డు వాయించినవాడే. లార్డ్ 2012 జులై 16న మరణించాడు. మరుసటి ఏడాది వచ్చిన 'నౌ వాట్?!'లో 'అన్‌కామన్ మ్యాన్' అతనికి అంకితం.

ఏ ముద్రణ కొనాలి

ఎక్కువ చెప్పను. 'మెషీన్ హెడ్'కు 1997 నాటి వార్షికోత్సవ ముద్రణ బాగుంటుంది, అందులో గ్లోవర్ చేసిన కొత్త మిశ్రమాలు (రీమిక్స్‌లు) ఉన్నాయి. 2024లో వచ్చిన పెద్ద పెట్టెలోని కొత్త మిశ్రమం చేసింది డ్వీజిల్ జప్పా, కాసినో కాలిపోయిన రాత్రి వేదిక మీదున్న ఫ్రాంక్ జప్పా కొడుకు. పాత ఎల్పీ కొనాలంటే వెలుతురుకు పక్కవాటుగా పెట్టి గీతలు చూడండి, పేరు చూసి మోసపోకండి. ఒకసారి పాత రికార్డుల అంగడిలో 'మేడిన్ జపాన్' అట్ట చూసి మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చి తీస్తే రెండు రికార్డులకు ఒక్కటే ఉంది. 'స్పేస్ ట్రకిన్' ఉన్న రికార్డే లేదు. అప్పటి నుంచి రెండు తొడుగుల్లోనూ వేళ్ళు పెట్టి చూడనిదే డబ్బు తీయను.

చివరి మెట్టు: ఆర్కెస్ట్రాతో రెండు రాత్రులు

దీన్ని చివరికి అట్టేపెట్టాను. 1969 సెప్టెంబరు 24న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో, గిలన్, గ్లోవర్ వచ్చిన కొద్ది నెలలకే, డీప్ పర్పుల్ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి జాన్ లార్డ్ రచన 'కాన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా'ను వాయించింది. ఆర్కెస్ట్రాను నడిపినవాడు మాల్కం ఆర్నాల్డ్. మొదటి భాగంలో ఆర్కెస్ట్రాకూ బృందానికీ పోటీ. రెండో భాగంలో గిలన్ పాడతాడు. మూడో భాగంలో అందరూ కలిసిపోతారు.

మరుసటి ఏడాది స్వరలిపి ప్రతి పోయింది. పేజీల కట్టలు ఎక్కడా దొరకలేదు. దశాబ్దాలపాటు ఆ రచనను మళ్ళీ వాయించే వీలే లేకపోయింది. అప్పుడు మార్కో డి గోయ్ అనే నెదర్లాండ్స్ స్వరకర్త, ఈ బృందం అభిమాని, పూనుకున్నాడు. రికార్డింగు వింటూ, కచేరీ వీడియో చూస్తూ, ఏ వాద్యం ఏ స్వరం పలికిందో చెవితో పట్టి ఆర్కెస్ట్రా మొత్తాన్ని కాగితం మీద మళ్ళీ రాశాడు. వయొలిన్లు, కొమ్ములు, డ్రమ్స్ ఒకదానిపై ఒకటి పడిన చోట ఎవరిది ఏదో విడదీయడం ఎంత కష్టమో, నాలుగో మెట్టులో ఐదుగురిని వేరు చేసి విన్నవాళ్ళకు తెలుస్తుంది. లార్డ్ అతనితో కలిసి ఆ ప్రతిని సరిచేశాడు. 1999 సెప్టెంబరులో అదే రాయల్ ఆల్బర్ట్ హాలులో, ఈసారి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, పాల్ మాన్ నిర్వహణలో అది మళ్ళీ మోగింది. అతిథిగా డియో కూడా వచ్చి పాడాడు.

రెండు రికార్డింగులూ సంపాదించండి. మొదటి రాత్రి 1969ది, రెండో రాత్రి 1999ది వినండి. రెండోదానిలో మరో ముప్పై ఏళ్ళ వయసు మీదపడిన గిలన్ గొంతు నెమ్మదించి ఉంటుంది, బ్లాక్‌మోర్ చోట మోర్స్ ఉంటాడు, లార్డ్ ఆర్గన్ మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంటుంది. ఒక చెవిలో పాతది, ఒక చెవిలో కొత్తది గుర్తుంచుకుని, మొదటి భాగంలో బృందం ఆర్కెస్ట్రాను తోసుకుని లోపలికి వచ్చే చోటు ఎక్కడో చూసి, నోటు పుస్తకంలో నిమిషం, సెకను రాసుకోండి.